గీజరు మీద 2000 వాట్లు అని ఉంది, మీటరు 7.4 ఆంపియర్లే చూపిస్తోంది. తేడా ఎక్కడ?

వేపచెట్టు_నీడ
మా ఇంట్లో 15 లీటర్ల గీజరు ఉంది. దానికి అంటించిన రేకు మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని స్పష్టంగా రాసి ఉంది. నిరుడు చలికాలంలో స్నానానికి తయారయ్యేలోగా నీళ్లు కాగిపోయేవి. ఈసారి ఎంతసేపు చూసినా గోరువెచ్చగానే ఉంటున్నాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, "మీ వీధిలో వోల్టేజీ తక్కువ. అందుకే గీజరు కరెంటు ఎక్కువ లాగుతోంది. స్టెబిలైజర్ పెట్టించండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. మల్టీమీటరు, తీగకు దవడలా తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తెచ్చి నేనే కొలిచాను. గీజరు నడుస్తుండగా ప్లగ్గు దగ్గర 196 వోల్టులు, తీగలో 7.4 ఆంపియర్లు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు రావాలి కదా! 2000ను 196తో భాగిస్తే 10.2 వస్తోంది. మరి మీటరులో 7.4 ఏమిటి? గీజరు పాడైందా, మీటరు తప్పా, లెక్క తప్పా?

కెపాసిటర్
గీజరూ బాగుంది, మీటరూ బాగుంది. 230 వోల్టులు అందినప్పుడే అది 2000 వాట్ల గీజరు. వోల్టేజీ మారితే వాట్లూ మారతాయి. మారకుండా ఉండేది లోపలి కాయిల్ నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం. దాన్ని ఓముల్లో కొలుస్తారు.

ముందు ఆ నిరోధం తేల్చండి. 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే 26.45 ఓములు. ఇప్పుడు మీరు కొలిచిన 196ను ఈ 26.45తో భాగించండి. 7.41 ఆంపియర్లు వస్తుంది. మీ మీటరు చెప్పింది అక్షరాలా అదే. 196ను 7.4తో గుణిస్తే 1450 వాట్లు. వోల్టేజీ 15 శాతం తగ్గితే పవరు 27 శాతానికి పైగా పడిపోయింది, ఎందుకంటే పవరు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది.

పాతవైర్‌మన్
లెక్కలు బాగానే ఉన్నాయి కానీ నా జీవితమంతా చూసింది వేరు. వోల్టేజీ పడిపోతే మోటార్లు ఆంప్స్ ఎక్కువ లాగుతాయి, వేడెక్కుతాయి, కాలిపోతాయి. వేసవిలో ఊరూరా ఇదే కథ. ఆ ఎలక్ట్రీషియన్ చెప్పింది తప్పని అంత తేలిగ్గా తీసిపారేయకండి.

తోటబావి
పాతవైర్‌మన్ గారి మాట నిజం. మా బోరు మీద 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ ఉంది. త్రీ ఫేజు లైను 410 వోల్టులు ఉన్నప్పుడు ప్యానెల్ బోర్డులో ఆంపియర్ల ముల్లు 9 దగ్గర నిలుస్తుంది. అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే లైను 340కి దిగుతుంది, ముల్లు 11 దాటుతుంది. వోల్టేజీ తగ్గితే ఆంప్స్ పెరగడం రోజూ కళ్లారా చూస్తున్నాను.

కెపాసిటర్
మీరిద్దరూ చూసింది నిజమే, వేపచెట్టు_నీడ గారి మీటరు చూపిందీ నిజమే. గీజరు, ఇస్త్రీ పెట్టె, హీటరు కాయిల్ ఉత్త నిరోధాలు. వోల్టేజీ తగ్గితే వాటిలో కరెంటూ తగ్గుతుంది, పనీ తగ్గుతుంది.

మోటారు సంగతి అలా కాదు. బోరులోంచి నీళ్లు ఎత్తే బరువు అలాగే ఉంటుంది. వోల్టేజీ తగ్గినా ఆ బరువు మోయక తప్పదు కాబట్టి కరెంటు ఎక్కువ తీసుకుంటుంది. ఫోను ఛార్జరు, కంప్యూటరు, కొత్త రకం ఇన్వర్టర్ ఏసీ కూడా అంతే. లోపలి సర్క్యూటు తనకు కావలసిన వాట్లను ఎలాగైనా తెచ్చుకుంటుంది. 2000ను 196తో భాగించడం అలాంటి వాటికి సరిపోతుంది కానీ గీజరుకు కాదు. ఏది స్థిరంగా ఉందో తేల్చుకోకుండా సూత్రంలో అంకెలు వేస్తే ఎప్పుడూ ఇదే గొడవ.

మల్లెపందిరి
నాకు కావలసింది ఒక్కటే. వోల్టేజీ తక్కువగా ఉంటే బిల్లు పెరుగుతుందా, తగ్గుతుందా?

భౌతికశాస్త్రం_మాస్టారు
గీజరు వరకైతే దాదాపు మారదమ్మా. 15 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడి చేయడానికి సుమారు 1884 కిలోజౌళ్లు కావాలి, అంటే అర యూనిట్టు కన్నా కాస్త ఎక్కువ. 2000 వాట్లతో అయితే అది 16 నిమిషాల పని, 1450 వాట్లతో అయితే దాదాపు 22 నిమిషాలు. ఎంతసేపు పట్టినా యూనిట్లు అవే. ఆలస్యమయ్యే కొద్దీ ట్యాంకు గోడల నుంచి పోయే వేడి మాత్రం కాస్త అదనం.

మల్లెపందిరి
ఇంకొక సందేహం. మా అబ్బాయి క్లాంప్ మీటరు తెచ్చి ఇస్త్రీ పెట్టె తీగకు తగిలిస్తే సున్నా చూపించింది. పెట్టె మాత్రం మండిపోతోంది.

పాతవైర్‌మన్
మొత్తం తీగను దవడలో పెట్టి ఉంటాడు. వెళ్లే కరెంటు, తిరిగి వచ్చే కరెంటు రెండూ అందులోనే ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి చెల్లిపోతాయి. ఫేజు తీగ ఒక్కదాన్నే దవడలోకి తీసుకోవాలి. అలాగని ఇస్త్రీ పెట్టె తీగను చీల్చవద్దని చెప్పండి! బోర్డు మూత విప్పి ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే స్విచ్చి) దగ్గర పట్టుకోవడం తెలిసినవారి పని.

వేపచెట్టు_నీడ
నేనూ ఎంసీబీ దగ్గర ఒక్క తీగనే పట్టించాను. కెపాసిటర్ గారూ, మెయిన్ ఆపి, గీజరు ప్లగ్గు ఊడదీసి, దాని రెండు పిన్నుల మధ్య ఓములు కూడా కొలిచాను. 26.6 చూపించింది.

ఎంపీసీ_రెండో_ఏడు
ఇక్కడే నాకు అర్థం కానిది ఉంది. మా ల్యాబులో 100 వాట్ల పాత బల్బును మల్టీమీటరుతో కొలిస్తే 40 ఓములు వచ్చింది. లెక్క ప్రకారం 230 వర్గాన్ని 100తో భాగిస్తే 529 రావాలి. గీజరుకు సరిపోయిన లెక్క బల్బుకు ఎందుకు తప్పింది?

భౌతికశాస్త్రం_మాస్టారు
మంచి ప్రశ్న. నువ్వు కొలిచింది బల్బు తీగలోని చల్లని టంగ్‌స్టన్‌ను. వెలిగేటప్పుడు ఆ తీగ 2500 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది, నిరోధం పదమూడు రెట్లకు పైగా పెరుగుతుంది. మీటరు ఇచ్చే చిన్న కరెంటుకు తీగ వేడెక్కదు కాబట్టి 40 దగ్గరే ఉంటుంది. స్విచ్చి వేసిన క్షణంలో ఆ బల్బు 5 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. పాత బల్బులు స్విచ్చి వేయగానే ఠప్పున మాడిపోవడం అందుకే ఎక్కువ.

గీజరు కాయిల్ నైక్రోము, అంటే నికెల్, క్రోమియం కలిసిన లోహం. వేడెక్కినా దాని నిరోధం కొద్ది శాతమే మారుతుంది. పైగా అది నీళ్ల మధ్య ఉంటుంది. కాబట్టి చల్లగా కొలిచినా లెక్కకు అందుతుంది.

టెక్సాస్_గోదారి
చదువుతుంటే మా పాత అపార్టుమెంటు గుర్తొచ్చింది. ఇక్కడ నీళ్ల హీటర్ల మీద 240 వోల్టుల దగ్గర 4500 వాట్లు, 208 దగ్గర 3380 వాట్లు అని రెండు అంకెలూ ముద్రించి ఉంటాయి. సొంత ఇళ్లకు 240, త్రీ ఫేజు నుంచి తీసుకునే పెద్ద అపార్టుమెంట్లకు 208 వస్తుంది. కాయిల్ ఒకటే, 12.8 ఓములు. 208 వర్గాన్ని 12.8తో భాగిస్తే సరిగ్గా 3380. మన దగ్గర కూడా ఇలా రెండు మూడు వోల్టేజీలకు ముద్రిస్తే ఈ అపోహలు ఉండవు.

ఇంకొకటి. ఇక్కడి నుంచి ఎవరైనా రైస్ కుక్కర్ తీసుకెళ్లేటప్పుడు దయచేసి వెనక రాసింది చదవండి. మా బంధువులు ఇక్కడి 120 వోల్టుల, 500 వాట్ల కుక్కర్‌ను ఇంటికి పంపారు. దాని నిరోధం 28.8 ఓములు. 230లో పెడితే 1830 వాట్లు దాటుతుంది. అన్నం సంగతి దేవుడెరుగు, వంటగదంతా పొగ.

పాతవైర్‌మన్
సరే, కాయిల్‌కు కరెంటు తగ్గుతుందని ఒప్పుకుంటాను. కానీ వేపచెట్టు_నీడ గారిని ఒకటి అడగాలి. నిరుడు బాగా కాగాయి, ఈసారి కాగడం లేదు అన్నారు. వీధిలో వోల్టేజీ అప్పుడూ ఇప్పుడూ ఒకటే అయి ఉంటే? గీజరు ఆపి, అదే సాకెట్లో ఎంత వస్తుందో చూశారా? చూడకపోతే చూడండి. గీజరు నడుస్తుండగా మీటరు బోర్డు దగ్గర ఎంత ఉందో కూడా కావాలి.

వేపచెట్టు_నీడ
ఇప్పుడే చూశాను. గీజరు ఆపితే సాకెట్లో 219. గీజరు వేస్తే మీటరు బోర్డు దగ్గర 212, సాకెట్ దగ్గర 196.

కెపాసిటర్
పాతవైర్‌మన్ గారు అసలు జబ్బును పట్టుకున్నారు. ఈ మూడు అంకెలూ ఎంత చెబుతున్నాయో చూడండి.

గీజరు వేయగానే స్తంభం నుంచి మీటరు దాకా 7 వోల్టులు తగ్గింది. 7ను 7.4తో భాగిస్తే 0.95 ఓములు. 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీసు తీగ 40 మీటర్లు ఉంటే, పోనూ రానూ 80 మీటర్లు, నిరోధం 0.9 ఓములు ఉంటుంది. అంటే అక్కడ తీగ సన్నం, అంతకు మించి లోపం ఉన్నట్టు లేదు.

ఇంట్లోకి వస్తే, మీటరు నుంచి గీజరు దాకా 16 వోల్టులు పోతున్నాయి. 16ను 7.4తో భాగిస్తే 2.16 ఓములు. దూరం ఎంత ఉంటుంది? తీగ మందం ఎంత?

వేపచెట్టు_నీడ
దూరం 18 మీటర్ల దాకా ఉంటుంది. ప్లగ్గు దగ్గర కనిపించేది 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ.

కెపాసిటర్
36 మీటర్ల రాగి తీగ, 1.5 మందం. 0.41 ఓములు ఉండాలి. మీకు 2.16 వస్తోంది. మిగిలిన 1.75 ఓములు తీగలో లేవు, ఏదో అతుకులోనో సాకెట్లోనో ఉన్నాయి. 7.4ను 7.4తో గుణించి 1.75తో గుణించండి. 96 వాట్లు! నీటికి అందవలసిన వేడి మీ గోడలోనో అటక మీదో కాలుతోంది. అది పాత 100 వాట్ల బల్బును టేపు చుట్టి గోడలో దాచినట్టే. ఇది సరిచేసే దాకా గీజరు వేయకండి.

ఎంపీసీ_రెండో_ఏడు
ఒక్క నిమిషం. ఐ స్క్వేర్ ఆర్ (కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించడం) ప్రకారం నిరోధం ఎక్కువైతే వేడి ఎక్కువ. వి స్క్వేర్ బై ఆర్ (వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగించడం) ప్రకారం నిరోధం ఎక్కువైతే వేడి తక్కువ. 26 ఓముల గీజరుకు నిరోధం పెరిగితే పవరు తగ్గాలి, అతుకులో నిరోధం పెరిగితే వేడి పెరుగుతుందన్నారు. రెండూ ఎలా నిజమవుతాయి?

భౌతికశాస్త్రం_మాస్టారు
పరీక్షల్లో సగం మంది జారిపడేది ఇక్కడే. రెండు సూత్రాలూ ఒకటే, కానీ నిరోధాన్ని మారుస్తున్నప్పుడు ఇంకేది కదలకుండా ఉందో చూడాలి. గీజరు రెండు కొసల మధ్య వోల్టేజీ లైను నుంచి వస్తుంది, కాబట్టి అక్కడ వి స్క్వేర్ బై ఆర్ పట్టుకో. అతుకు గీజరుతో శ్రేణిలో ఉంది, అంటే ఒకే కరెంటు ఒకదాని తర్వాత ఒకటిగా రెండింటి గుండా పోతుంది. దానిగుండా ఎంత కరెంటు పోవాలో నిర్ణయించేది 26 ఓముల గీజరు, 1.75 ఓముల అతుకు కాదు. కరెంటు దాదాపు స్థిరం, కాబట్టి అక్కడ ఐ స్క్వేర్ ఆర్.

60 వాట్ల బల్బును, 100 వాట్ల బల్బును శ్రేణిలో కలిపి 230 ఇస్తే 60దే ఎక్కువ వెలుగుతుంది. ల్యాబులో చేసి చూడు. సమాంతరంగా కలిపితే 100ది గెలుస్తుంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. లోడు వేయగానే వోల్టేజీ పడిపోయే ఈ చిక్కే 200 ఏళ్ల కిందట జర్మన్ శాస్త్రవేత్త ఓమ్‌ను ఏడిపించింది. కొలోన్ నగరంలో బడిపంతులుగా ఉంటూ వేర్వేరు పొడవుల తీగలతో ప్రయోగాలు చేసేవాడు. ఆనాటి బ్యాటరీలు కరెంటు లాగగానే నీరసించేవి, కొలతలు నిలిచేవి కావు. చివరికి రాగి, బిస్మత్ లోహాల అతుకులు రెండింటిలో ఒకదాన్ని మరిగే నీటిలో, మరొకదాన్ని మంచులో పెట్టి, కదలని చిన్న వోల్టేజీ సాధించాడు. అప్పుడు గానీ వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందన్న నియమం బయటపడలేదు. 1827లో ప్రకటిస్తే సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. ఐ స్క్వేర్ ఆర్‌ను ఇంగ్లండు శాస్త్రవేత్త జౌల్ ప్రకటించిందీ ఆ ఏడాదే.

మల్లెపందిరి
మాస్టారి పాఠం బాగుంది కానీ నాకు భయం వేస్తోంది. మా గీజరు ప్లగ్గు ఒక పిన్ను దగ్గర గోధుమరంగుకు తిరిగింది. పాతదై అలా అయిందనుకున్నాం.

పాతవైర్‌మన్
పాతబడితే ప్లగ్గు మొత్తం రంగు మారుతుంది. ఒక్క పిన్ను చుట్టూ మారిందంటే ఆ పిన్ను సాకెట్లో వదులుగా ఉందని అర్థం. అర ఓము చాలు, 8 ఆంపియర్లకు 32 వాట్లు అక్కడే పుడతాయి. ఆ వేడికి లోపలి ఇత్తడి పట్టు సడలుతుంది, సడలిన కొద్దీ నిరోధం పెరుగుతుంది, పెరిగిన కొద్దీ ఇంకా కాలుతుంది. ప్లగ్గు, సాకెట్ రెండూ మార్చండి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్నీ చెడగొడుతుంది.

ఇంకో మాట. ఎంసీబీ ఉంది కదా అని ధీమా వద్దు. 7.4 ఆంపియర్లకు 16 ఆంపియర్ల ఎంసీబీ ఎందుకు పడుతుంది? అతుకు కాలిపోతున్నా దానికి కరెంటు మామూలుగానే కనిపిస్తుంది.

వేపచెట్టు_నీడ
ఈరోజు వేరే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మెయిన్ ఆపి అటక ఎక్కి జంక్షన్ బాక్సు మూత తీశాడు. పాతవైర్‌మన్ గారు పక్కన ఉండి చూపించినట్టే ఉంది. మీటరు నుంచి అటక దాకా పాత అల్యూమినియం తీగ, అక్కడి నుంచి బాత్రూముకు రాగి. రెండింటినీ మెలిపెట్టి టేపు చుట్టారు. న్యూట్రల్ అతుకు మీద టేపు కరిగి బొగ్గయింది. తీగ తొడుగు రెండు అంగుళాల మేర పెళుసుబారి, వేలితో తాకితే రాలిపోయింది. అల్యూమినియం కొస తెల్లటి పొడి పట్టి ఉంది. బాక్సు మీద మా పాత పరుపులు, అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి.

పాతవైర్‌మన్
ఆ తెల్లటి పొడి ఆక్సైడు, కరెంటును సరిగా పోనివ్వదు. పైగా వేడికి అల్యూమినియం రాగి కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. రోజూ కాగి, చల్లారి, మెలిక వదులవుతుంది. ఈ రెండు లోహాలను నేరుగా మెలిపెట్టనే కూడదు. అందుకని తయారైన కనెక్టర్లు ఉన్నాయి. ఇంటికి వైరింగు చేసినవాడు తొందరపడితే ఇలా ఏళ్ల తర్వాత బయటపడుతుంది. పరుపులు ముందు అక్కడి నుంచి తీసేయండి.

వేపచెట్టు_నీడ
తీసేశాం. మీటరు నుంచి బాత్రూము దాకా అతుకు లేకుండా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించాను, సాకెట్ కూడా కొత్తది. ఇప్పుడు గీజరు నడుస్తుండగా బోర్డు దగ్గర 211, సాకెట్ దగ్గర 210, కరెంటు 7.9. అంటే 1660 వాట్లు. స్టెబిలైజర్ కొనలేదు.

టెక్సాస్_గోదారి
కొన్నా లాభం ఉండేది కాదు. అది వోల్టేజీ పెంచితే గీజరుకు ఎక్కువ కరెంటు వెళ్లేది, ఆ మొత్తం అదే అతుకు గుండా వెళ్లేది. అటక ఇంకా త్వరగా అంటుకునేది.

కెపాసిటర్
అవును. మీటరు దాకా పోతున్న ఆ 8 వోల్టులు కూడా సర్వీసు తీగ మార్పిస్తే చాలావరకు తగ్గుతాయి. స్తంభం దగ్గర పని లైన్‌మన్ చేతనే చేయించండి. లోడు లేనప్పుడు 219 వస్తోంది కాబట్టి వీధి సరఫరా మీద ఫిర్యాదుకు తావు లేదు. 230కి ఆరు శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 దాకా సరైనదే.

తోటబావి
ఇదే లెక్క నా మోటారుకు ఎలా కట్టాలి? వైండింగు రెండు కొసల మధ్య మల్టీమీటరుతో చూస్తే నాలుగైదు ఓములు వస్తుంది. 415ను దానితో భాగిస్తే 90 ఆంపియర్లు అవుతుంది, కానీ లాగేది 9.

కెపాసిటర్
మోటారు తిరుగుతున్నప్పుడు లోపల ఎదురు వోల్టేజీ పుడుతుంది, కరెంటును ఆపేది ముఖ్యంగా అదే. అందుకే అక్కడ ఓములతో భాగించడం కుదరదు. వాట్లు కావాలంటే వోల్టులను ఆంపియర్లతో, త్రీ ఫేజు కాబట్టి 1.732తో, పవర్ ఫ్యాక్టరుతో (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) గుణించాలి. 415, 9, 0.8 వేస్తే 5.2 కిలోవాట్లు. అందులో 3.7 కిలోవాట్లు, అంటే 5 హెచ్‌పీ, పంపు ఇరుసుకు చేరుతుంది. మిగతాది వేడి. ఇసుక పట్టి ఇరుసు బిగుసుకుపోతే ఎదురు వోల్టేజీ ఉండదు, కరెంటు ఐదారు రెట్లవుతుంది. ఓవర్‌లోడ్ రిలే వెంటనే వదలకపోతే వైండింగు కాలినట్టే. రిలేను 9 దగ్గర పెట్టకుండా ఊరికే పడిపోతోందని 15కి తిప్పేవారిని చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

కానీ కేబులుకు మాత్రం గీజరు లెక్కే పనిచేస్తుంది. స్టార్టరు నుంచి మోటారు దాకా ఎంత పొడవు, ఎంత మందం?

తోటబావి
బోరు లోతుతో కలిపి 300 మీటర్లు. 2.5 రాగి కేబులు.

కెపాసిటర్
ఒక్కో తీగ 2.06 ఓములు. 9 ఆంపియర్ల వర్గం 81, దాన్ని 2.06తో, మూడు తీగలు కాబట్టి మూడుతో గుణిస్తే 500 వాట్లు కేబులులోనే పోతున్నాయి. మోటారు దాకా వెళ్లేసరికి 25 నుంచి 30 వోల్టులు తగ్గుతాయి. మీరు స్టార్టరు దగ్గర 340 చూసినప్పుడు కింద మోటారుకు అందుతున్నది 310 చిల్లరే. 6 మందం వేస్తే తీగకు 0.86 ఓములు, నష్టం 210 వాట్లు, తగ్గేది 11 నుంచి 13 వోల్టులు.

తోటబావి
వ్యవసాయ కరెంటుకు బిల్లు లేదు కదా అని ఈ 500 వాట్ల గురించి మా దగ్గర ఎవరూ ఆలోచించరు. వైండింగు ఖర్చు మాత్రం మా చేతి నుంచే పోతుంది. ఈసారి మోటారు పైకి తీసినప్పుడు 6 కేబులు దించుతాను. పాత కేబులు మధ్యలో ఒక అతుకు ఉంది, అది నీళ్లలోనే ఉంటుంది. దాన్ని పైనుంచే కొలవవచ్చా?

పాతవైర్‌మన్
కొలవవచ్చు. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి, స్టార్టరు దగ్గర మూడు కొసలనూ విప్పండి. రెండేసి కొసల మధ్య ఓములు చూడండి. మూడు జతలకూ ఒకే అంకె రావాలి. ఏ రెండు జతల్లో ఎక్కువ వస్తుందో, ఆ రెంటిలోనూ ఉన్న తీగ అతుకే వదులైంది. తర్వాత ఒక్కో కొసకూ భూమికీ మధ్య మెగ్గరుతో (తొడుగు గుండా కరెంటు కారుతోందేమో ఎక్కువ వోల్టేజీతో పరీక్షించే మీటరు) చూడాలి, దానికి మల్టీమీటరు చాలదు. రీవైండింగు దుకాణంలో మెగ్గరు ఉంటుంది, మనిషిని పంపిస్తారు. అంకెలు ఇక్కడ రాయండి, చూద్దాం.